తీరం వెంట ఒంటరిగా కయాక్‌లో యాభై రోజులు: మైపాడు నుంచి డొంకూరు దాకా వెళ్లాలంటే

కయాక్‌లో (ఒక్కరు కూర్చుని తెడ్డేసే సన్నటి పడవలో) తీరమంతా తిరగాలని ఉందని చెబితే జనం మొదట షార్కుల గురించి అడుగుతారు. తర్వాత తుఫాన్ల గురించి. ఒడ్డు గురించి ఎవరూ అడగరు. మన తూర్పు తీరంలో ఒంటరిగా వెళ్లేవాడు భయపడాల్సింది ఆ ఒడ్డుకే. కిలోమీటరు లోపల సముద్రం ఉయ్యాల్లా ఊగుతూ ఉంటుంది, తెడ్డేసుకుంటూ పాట కూడా పాడుకోవచ్చు. చివరి వంద మీటర్లకు వచ్చేసరికి అదే నీళ్లు లేచి, ఇసుక మీద దబ్బున విరిగి, ఎనభై కిలోల పడవను గడ్డిపరకలా తిప్పేస్తాయి. యాభై రోజుల ప్రయాణంలో ఆ వంద మీటర్లను కనీసం డెబ్బై ఎనభై సార్లు దాటాలి. కింద రాసిన ఏర్పాట్లలో చాలా వాటికి కారణం అదే.

ఈ పని చేసినవాళ్లు లేకపోలేదు. ఓస్కార్ స్పెక్ అనే జర్మన్ 1932లో ఉల్మ్ నగరం దగ్గర డాన్యూబ్ నదిలో మడత కయాక్ దింపి, మధ్యలో భారత తీరం వెంట కూడా తెడ్డేసి, 1939లో ఆస్ట్రేలియా వైపు తేలాడు. మన దగ్గర కౌస్తుభ్ ఖాడే 2015లో ద్వారక నుంచి కన్యాకుమారి దాకా పడమటి తీరమంతా చేశాడు. పోలండ్‌కు చెందిన అలెగ్జాండర్ డోబా డెబ్బై ఏళ్ల వయసులో, 2017లో, మూడోసారి అట్లాంటిక్ దాటాడు. ఇంకో వైపు, ఎంతో అనుభవమున్న ఆండ్రూ మెకాలీ 2007 ఫిబ్రవరిలో టాస్మాన్ సముద్రం దాదాపు దాటేసి, న్యూజిలాండ్ దగ్గరలో కనిపించకుండా పోయాడు. కయాక్ దొరికింది, మనిషి దొరకలేదు. మనం మాట్లాడుకుంటున్నది మహాసముద్రం దాటడం గురించి కాదు, రోజూ సాయంత్రానికి ఒడ్డెక్కే ప్రయాణం గురించి. అయినా ఒంటరిగా నీళ్లలో పడితే అక్కడైనా ఇక్కడైనా చేయి అందించేవాడు ఉండడు.

ముందుగా క్యాలెండర్

ఆంధ్ర తీరం పొడవు పాత లెక్క ప్రకారం 974 కిలోమీటర్లు, ఈమధ్య కొత్తగా కొలిస్తే 1,053 అని తేల్చారు. ప్రతి వంపూ తిరగం కాబట్టి మనం తెడ్డేసే దూరం అంతకంటే తక్కువే. బరువుతో ఉన్న కయాక్ గంటకు ఐదారు కిలోమీటర్లు పోతుంది. రోజుకు ఐదారు గంటలు, అంటే పాతిక నుంచి ముప్ఫై కిలోమీటర్లు. ముప్ఫై ఐదు రోజుల తెడ్డు పనికి పదిహేను రోజుల విశ్రాంతి, వాతావరణం కలిపితే యాభై. ఈ పదిహేను రోజుల్ని తగ్గించి లెక్క వేసుకున్నవాడు, ఆగాల్సిన రోజున ఆగలేడు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆలోచనే వద్దు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న, మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న తీరం దాటాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కదా, మర పడవలుండవు, సముద్రం ఖాళీగా ఉంటుందని కొందరు సలహా ఇస్తారు. ఆ ఎండలో ఒకరోజు తెడ్డేసి చూస్తే వాళ్లే వెనక్కి తీసుకుంటారు. పైగా మే నెల తుఫాన్లు వేరే ఉన్నాయి. ఆ తర్వాత నైరుతి గాలి కెరటాల్ని లేపుతుంది.

మిగిలింది జనవరి నుంచి మార్చి మధ్య దాకా. ఇక్కడే దిక్కు ఎంచుకోవాలి. జనవరిలో ఈశాన్య గాలి ఇంకా ఉంటుంది కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతే గాలి వెనక నుంచి తోస్తుందన్నది ఒక వాదన. కానీ ఆ గాలి నెల తిరిగేసరికి నీరసిస్తుంది. ఫిబ్రవరి నుంచి తీరం వెంట సముద్ర ప్రవాహం ఉత్తరానికి పారుతుంది, గాలి కూడా మెల్లగా దక్షిణానికి తిరుగుతుంది. అందుకే నేను దక్షిణం నుంచి ఉత్తరానికే ఓటేస్తాను. జనవరి 20 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో మొదలుపెడితే మార్చి రెండో వారానికి శ్రీకాకుళం జిల్లా చివర ఉంటారు. ఒక నష్టం ఉంది. మార్చి వచ్చేసరికి ఉత్తరాంధ్రలో ఒడ్డు కెరటాలు పెరుగుతాయి. అయితే అప్పటికి మీ చేతులకు నలభై రోజుల అనుభవం ఉంటుంది.

దారిని ముక్కలు చేసుకోవడం

తడ నుంచే మొదలుపెట్టి పటం మీద గీత పూర్తి చేయాలన్న మోజు వదిలేయండి. శ్రీహరికోట చుట్టూ నిషేధిత ప్రాంతం, రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో సముద్రంలో చాలా దూరం దాకా ఎవరినీ రానివ్వరు. దాని పైన కృష్ణపట్నం ఓడరేవు. ఆ రెండూ దాటిన మైపాడు బీచ్‌కు నెల్లూరు నుంచి రోడ్డు బాగుంది, కయాక్ దింపడానికి చోటుంది.

మైపాడు నుంచి పెన్న మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి రామాయపట్నం, కొత్తపట్నం, చీరాల దగ్గరి ఓడరేవు అనే ఊరు, సూర్యలంక దాకా దాదాపు నిలువు గీతలా పోయే ఇసుక తీరం. విసుగు పుడుతుంది, కానీ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎక్కడైనా దిగొచ్చు, ప్రతి పల్లెలోనూ మనుషులుంటారు.

నిజాంపట్నం నుంచి కథ మారుతుంది. కృష్ణా డెల్టాలో కెరటం తగ్గి బురద మొదలవుతుంది. ఆటు సమయంలో వచ్చారంటే ఒడ్డు కళ్లెదుటే ఉంటుంది, మధ్యలో మోకాలి లోతు బురద ఉంటుంది. పడవ తేలదు, మనిషి నడవలేడు. ఈ ముక్కలో పోటు వేళకు ఒడ్డు చేరేలా టైమ్ చూసుకోవాలి. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఇవాళ పదింటికి కుదిరింది రేపు పదకొండు కావస్తుండగా కుదురుతుంది. నాచుగుంట, హంసలదీవి వైపు మడ అడవులు కృష్ణా అభయారణ్యం కిందికి వస్తాయి. అక్కడ రాత్రి పడుకోవాలంటే అటవీ శాఖ కాగితం కావాలి. కోరింగ దగ్గరా అంతే.

మచిలీపట్నం దాటాక కోనసీమ. ఇక్కడ చూసుకోవాల్సింది గోదావరి మొగల్ని: అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ, యానాం దిగువన గౌతమి. ఆటు సమయంలో నది నీళ్లు బయటికి పరుగెడుతుంటే సముద్రపు అల ఎదురొస్తుంది. రెండూ ఢీకొన్న చోట, మొగ దగ్గరి ఇసుక మేట మీద, కెరటాలు ముందుకు కదలకుండా నిలబడి విరుగుతుంటాయి. దూరం నుంచి చూస్తే తెల్లటి గీతలా కనిపిస్తుంది, అంతే. రెండు మూడు కిలోమీటర్లు లోపలి నుంచి చుట్టి పోండి, లేదా పోటు ఎక్కే వేళ దాటండి. ఈ ప్రాంతంలో చమురు, గ్యాస్ వేదికలు కనిపిస్తాయి. వాటి చుట్టూ 500 మీటర్ల దాకా రక్షిత వలయం, ఫొటో కోసం కూడా దగ్గరికి పోవద్దు. హోప్ ఐలాండ్ చాటున కాకినాడ అఖాతం చెరువులా ఉంటుంది. అలసిన ఒంటికి అక్కడ రెండు రోజులు ఇవ్వొచ్చు. వెంటనే తర్వాత ఉప్పాడ. కోతకు అడ్డంగా పోసిన బండరాళ్ల మీద కెరటం కొట్టే చోట దిగే ఆలోచన చేయకండి.

రాంబిల్లి నుంచి భీమిలి దాకా రాతి కొండలు, ఓడరేవులు, నౌకాదళం. కొండకు కొట్టుకుని వెనక్కి వచ్చే అల, ఎదురొచ్చే అల కలిసి నీళ్లు కుండలో పప్పులా ఉడుకుతుంటాయి. రాంబిల్లి, గంగవరం, విశాఖ ఓడరేవు ముఖద్వారం, డాల్ఫిన్స్ నోస్ ఇవన్నీ తెడ్డుతో దాటడానికి రాతపూర్వకంగా అనుమతి దొరికితే సరే. లేకపోతే రాంబిల్లికి ముందే కయాక్‌ను టాటా ఏస్ ఎక్కించి రుషికొండలో దింపండి. దాన్ని మోసం అనేవాళ్లు ఉంటారు. వాళ్లు యుద్ధనౌకల మధ్య తెడ్డేయరు కదా.

భీమిలి నుంచి కోనాడ, కళింగపట్నం, భావనపాడు, బారువ మీదుగా ఇచ్ఛాపురం దగ్గరి డొంకూరు దాకా తెరిచిన సముద్రం, నిటారు ఇసుక ఒడ్డు, బలమైన కెరటం. అసలు పరీక్ష ఇదే.

కాగితాలు

మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర పెట్టుకోవడం నేరం. విదేశీ వీడియోల్లో అందరి భుజాన కనిపించే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్లదీ అదే పరిస్థితి. వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడి పర్యాటకులు కేసుల్లో ఇరుక్కున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు సూట్‌కేసులో తెస్తానంటే వద్దనండి. బదులుగా మత్స్యకారుల కోసం ఇస్రో తయారుచేసిన డాట్ అనే ఆపద సంకేత పరికరం గురించి మత్స్యశాఖలోనూ కోస్ట్ గార్డ్‌లోనూ అడగండి. బటన్ నొక్కితే మీరున్న చోటు ఉపగ్రహం ద్వారా వెళ్తుంది. రెండో తరం పరికరంలోనైతే సందేశం అందిందన్న జవాబు కూడా తిరిగి వస్తుంది. చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్ రేడియో చాలా ఉపయోగం, ఆపదలో 16వ ఛానెల్. కొనే ముందు లైసెన్స్ సంగతి తేల్చుకోండి. ఒడ్డుకు దగ్గరగా పోతాం కాబట్టి చాలా చోట్ల మొబైల్ సిగ్నల్ ఉంటుంది. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి.

బయల్దేరడానికి రెండు నెలల ముందే తీరప్రాంత జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు, కోస్ట్ గార్డ్‌కు ఉత్తరాలు పంపండి. అందులో మీ ఫొటో, కయాక్ ఫొటో, రంగు, రోజువారీ మజిలీలు, ఇంట్లోవాళ్ల నంబర్ ఉండాలి. అందరూ జవాబివ్వరు. అయినా ముద్ర వేయించుకున్న నకళ్లు ప్లాస్టిక్ కవర్‌లో వెంట ఉంటే పని జరుగుతుంది. ముఖానికి గుడ్డ కట్టుకుని సముద్రంలోంచి వచ్చి ఒడ్డెక్కిన మనిషిని ఏ మెరైన్ పోలీసైనా అనుమానించక తప్పదు. 2008 ముంబై దాడి సముద్రం మీదుగానే జరిగింది. ఆధార్ అసలు కార్డు దగ్గర పెట్టుకోండి. రెండు నంబర్లు నోటికి రావాలి: కోస్ట్ గార్డ్ 1554, తీర భద్రతా పోలీసు 1093.

పడవ, పడవలో సరుకు

రుషికొండలో అద్దెకిచ్చే పొట్టి రబ్బరు కయాక్‌తో ఈ పని కాదు. పదహారు నుంచి పద్దెనిమిది అడుగుల పొడవు, రెండడుగుల లోపు వెడల్పు, ముందూ వెనకా నీరు చొరని గదులు, చుట్టూ పట్టుకోవడానికి తాడు, గాలికి పక్కకు తిరగకుండా చుక్కాని లేదా స్కెగ్ (అడుగున దించే చిన్న రెక్క) ఉన్న సముద్రపు కయాక్ కావాలి. ఫైబర్‌గ్లాస్ తేలిక, వేగం. పాలిథిన్ బరువు, మొండి. మన ఒడ్డున ఇసుక మీద ఈడ్చాలి, పల్లెలో పిల్లలు ఎక్కి తొక్కుతారు, ఒక్కోసారి కెరటం ఎత్తి కుదేస్తుంది. నేను పాలిథిన్ అంటాను. మన దగ్గర ఇలాంటివి దొరకడం కష్టమే. క్లబ్బుల్లో పాతవాటి కోసం ఆరు నెలల ముందే వెతకడం మొదలుపెట్టండి. లోపల కాక పైనే కూర్చునే, పొడుగాటి సిట్ ఆన్ టాప్ రకం దొరికినా పనికొస్తుంది. మన నీళ్లు వెచ్చన, బోల్తా పడితే తిరిగి ఎక్కడం సులువు. కాకపోతే రోజంతా ఎండలోనే కూర్చోవాలి.

మూతల విషయంలో ఒక మాట. భీమిలి దగ్గర ఒకరోజు రెండు గంటలు తెడ్డేశాక కయాక్ వెనక భాగం బరువెక్కినట్టు, మాట విననట్టు అనిపించింది. నా చేతులే అలిసిపోయాయేమో అనుకుని ఇంకో అరగంట పోయాను. ఒడ్డుకొచ్చి చూస్తే వెనక గదిలో బకెట్ల కొద్దీ నీళ్లు, అందులో తేలుతున్న బియ్యం సంచి. మూత రబ్బరు అంచు కింద నాలుగు ఇసుక రేణువులు, అంతే. అప్పటి నుంచి మూత పెట్టే ముందు వేలితో అంచు చుట్టూ తుడవడం, పెట్టాక అరచేతితో చుట్టూ నొక్కడం, లోపల ప్రతి వస్తువూ మళ్లీ డ్రై బ్యాగ్‌లో. ఒక్క పెద్ద బ్యాగ్ కన్నా చిన్నవి పది మేలు, కయాక్ మూతి సన్నం.

బరువైనవి, అంటే నీళ్లు, సీటు వెనక అడుగున. తేలికైనవి కొసలకు. పైన డెక్ మీద దిక్సూచి, విడదీసే రెండో తెడ్డు, చేతి పంపు తప్ప ఏమీ పెట్టకండి. కెరటం మొదట లాక్కుపోయేది వాటినే. లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి, కట్టి పెట్టుకోవడం కాదు. దాని జేబుల్లో ఈల, చిన్న కత్తి, అద్దం, డాట్ పరికరం, వాటర్‌ప్రూఫ్ కవర్‌లో ఫోన్. పడవ పోయినా మీ ఒంటి మీద ఉన్నది మీతో ఉంటుంది. హెల్మెట్ కెరటంలో దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు. తెల్లటి టార్చి చేతికి అందేలా ఉండాలి. తెడ్డు పడవలకు అంతర్జాతీయ నిబంధన అడిగేది అదే. రిపేరు సంచిలో బ్యూటైల్ టేపు, డక్ట్ టేపు, చుక్కాని తాడు, స్క్రూడ్రైవర్, సూది దారం. మడిచే చిన్న చక్రాల బండి కూడా ఒకటి. నిండు కయాక్‌ను ఒంటరిగా ఇసుక మీద పోటు గీత పైకి ఈడ్చడం నడుముకు మంచిది కాదు.

ఆరు నెలల సాధన

మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు ప్రశాంతమైన నీటిలో. చేతులతో లాగకూడదు, నడుము తిప్పాలి. తెడ్డును వేళ్లతో వదులుగా పట్టాలి. గట్టిగా బిగించి పట్టేవాళ్లకే మణికట్టు వాపు వచ్చి పదో రోజున ఇంటికి తిరిగి వస్తారు. ఒక కిలోమీటరు ఆగకుండా ఈదగలగాలి.

తర్వాతి రెండు నెలలు బోల్తా పడటం. అవును, కావాలని. కయాక్ తిరగబడితే లోపలి నుంచి బయటపడటం, ఎస్కిమో రోల్‌తో కూర్చున్న చోటే లేవడం, రోల్ తప్పితే తెడ్డు కొసకు గాలి సంచి తగిలించి దాని ఊతంతో ఎక్కడం, గుర్రమెక్కినట్టు వెనక నుంచి పాకి ఎక్కడం. చెరువులో పదిసార్లు వచ్చింది సముద్రంలో ఒకసారి వస్తుంది. గాలున్న రోజున, నిండు బరువుతో, అలసిపోయాక చేసి చూడండి. మూడు నిమిషాల్లో తిరిగి ఎక్కి నీళ్లు తోడలేకపోతే ఇంకా సిద్ధం కాలేదు. గాలి ఉన్నప్పుడు ఖాళీ కయాక్ మనిషి ఈదే వేగం కన్నా తొందరగా కొట్టుకుపోతుంది. అందుకే లోపలి నీళ్లలో తెడ్డుకు, పడవకు మధ్య తాడు ఉండాలి. కెరటాల్లోకి వచ్చే ముందు ఆ తాడు విప్పేయాలి, మెడకో కాలికో చుట్టుకుంటుంది.

చివరి రెండు నెలలు ఒడ్డు. దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

దిగే ముందు కెరటాలు విరిగే గీతకు అవతల, వెనక్కి తిరిగి చూసుకుంటూ, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. పెద్దవి నాలుగో ఐదో వరసగా వచ్చి, తర్వాత కాసేపు చిన్నవి. ఒడ్డున మత్స్యకారుల పడవలు ఎక్కడ లాగి పెట్టారో చూడండి, వాళ్లు ఏళ్ల తరబడి ఎంచుకున్న చోటది. బారువ వైపు ఒక ముసలాయన నేను కయాక్ నీళ్లలోకి తోస్తుంటే, తుండుగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చున్న చోటు నుంచి కదలకుండా, "ఉండు బాబూ, ఇంకా రెండున్నాయి" అన్నాడు. "ఎలా తెలుసు తాతా?" అన్నాను. "సప్పుడు ఇను" అన్నాడు. రెండు వచ్చాయి. ఆ తర్వాత చెయ్యి ఊపాడు. నాకు ఆ చప్పుడు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు, లెక్కపెట్టడమే నా దారి.

పెద్ద గుంపు పోగానే చివరి కెరటం వీపు మీద, దాని వెనకే, గట్టిగా తెడ్డేస్తూ రండి. కెరటం ముందుకు రావద్దు. వెనక నుంచి ఇంకొకటి అందుకుంటే ముక్కు నేలకు గుచ్చుకుని పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిందంటే ఒళ్లు సముద్రం వైపు వాల్చి, తెడ్డును విరుగుతున్న నురుగు మీద ఆనించండి, అదే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది. భయంతో ఒడ్డు వైపు వాలితే క్షణంలో తలకిందులు. నీళ్లు మోకాళ్ల లోతుకు రాగానే సముద్రం వైపుకే దూకాలి. పడవకూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ నిలబడకండి. నీళ్లు నిండిన కయాక్ రెండు మూడు వందల కిలోలుంటుంది. వెనక కెరటం దాన్ని తోస్తే కాళ్లు విరుగుతాయి.

ఇది ఖాళీ కయాక్‌తో ఇరవై సార్లు, నిండు కయాక్‌తో ఇరవై సార్లు. పక్కన ఒక మనిషి ఉన్నప్పుడే. ఒంటరితనం తర్వాత అలవాటు చేసుకోవచ్చు.

ఆఖరున భీమిలి నుంచి కళింగపట్నం దాకా మూడు రోజుల రిహార్సల్. సముద్రం మీద 85, 90 కిలోమీటర్లు. పూర్తి సామానుతో, ఒంటరిగా. ఈ మూడు రోజుల్లో మీరు వాడని వస్తువులన్నీ ఇంట్లో వదిలేయండి. రిహార్సల్ మధ్యలో ఆపాల్సి వస్తే ప్రయాణాన్ని ఏడాది వాయిదా వేయండి, జనవరి మళ్లీ వస్తుంది.

నీళ్లు, తిండి, తోలు

తెడ్డేసేటప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. మొత్తం మీద రోజుకు ఏడెనిమిది లీటర్లు కావాలి. కనీసం రెండు రోజులకు సరిపడా, పదిహేను లీటర్లు, రెండేసి లీటర్ల సంచుల్లో. వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నలభై కొనండి. అయిపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కోనసీమలో ఉన్నన్ని రోజులు కొబ్బరి బోండాలే దిక్కు, ఆ దిక్కుకు నేనెప్పుడూ బాధపడలేదు.

పడవలో తినేవి చేత్తో తుంచుకుని నోట్లో వేసుకునేలా ఉండాలి: సున్నుండలు, పల్లీ పట్టీలు, ఖర్జూరం, వేయించిన శనగలు. విదేశీ ఎనర్జీ బార్ ఎండకు కరిగి రేపర్‌కు అంటుకుంటుంది, మినప సున్నుండ ఆ పని చేయదు. ఒడ్డున అటుకులు, ఉప్మా రవ్వ, కందిపొడి, నెయ్యి సీసా. పల్లెల్లో టిఫిన్ సెంటర్లు ఉంటాయి కాబట్టి మూడు రోజుల తిండి మించి మోయొద్దు. పూతరేకుల మీద ఆశ ఉంటే ఆత్రేయపురం మనిషిని ఒడ్డుకే తెప్పించుకోండి, కయాక్‌లో అవి పొడే.

ఉప్పు నీళ్లు, రాపిడి కలిసి చంకల్లో, నడుము దగ్గర పుళ్లు లేపుతాయి. ప్రయాణాలు ఆపేది చాలాసార్లు ఇవే. సాయంత్రం ఎంత అలసినా లీటరు మంచినీళ్లతో ఆ చోట్లు కడిగి, ఆరబెట్టి, పడుకునే ముందు కొబ్బరి నూనె రాయండి. నిండు చేతుల చొక్కా, మెడ దాకా గుడ్డ ఉన్న టోపీ. కాకినాడ దగ్గరి బురద నీళ్లలో దిగితే కాళ్లు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవండి, అడుగున టేకు చేప ఉంటే తప్పుకుంటుంది. దాని ముల్లు గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టి ఆసుపత్రికి పోవాలి. వలల్లో చిక్కిన పాముల్ని ముట్టుకోకండి.

రోజు ఎలా గడుస్తుందంటే

రాత్రంతా నేల మీది నుంచి వీచే గాలి తెల్లవారాక కూడా కాసేపు ఉంటుంది, సముద్రం నున్నగా ఉంటుంది. పది, పదకొండు నుంచి సముద్రం మీది గాలి లేస్తుంది. అందుకే నాలుగింటికి లేచి, వెలుగు రాగానే నీళ్లలో ఉండి, పదకొండుకల్లా ఒడ్డెక్కాలి. తీరానికి ఒకటి, రెండు కిలోమీటర్ల దూరంలో పోండి. కయాక్‌లో కూర్చున్నవాడి కన్ను నీటికి మూడడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి మూడున్నర కిలోమీటర్లు దాటితే ఇసుక ఒడ్డు కనుమరుగవుతుంది, తాటి తలలు మాత్రమే మిగులుతాయి. ఆ దృశ్యం అందంగా ఉంటుంది, అంటే మీరు ఎక్కువ లోపలికి వచ్చేశారని.

వాతావరణం కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి అంచనా రోజూ రెండుసార్లు చూడండి. అందులో మూడు అంకెలు ముఖ్యం: అల ఎత్తు, అలకూ అలకూ మధ్య సెకన్లు, గాలి వేగం. అల ఎత్తు 1.5 మీటర్లు అని రాసి ఉంటే అది సగటు లాంటిది, ఆ రోజు వచ్చే అతి పెద్ద అల దానికి దాదాపు రెట్టింపు ఉండొచ్చు. సెకన్లు పన్నెండు దాటితే ఎత్తు తక్కువున్నా ఒడ్డున బలంగా విరుగుతుంది. నా హద్దులు ఇవి: ఎత్తు 1.2 మీటర్లు, గాలి గంటకు 20 కిలోమీటర్లు. దాటితే ఆ రోజు ఇడ్లీ తిని పడుకోవడమే. మీ హద్దులు ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోండి. కెరటాల ముందు నిలబడి నిర్ణయించుకుంటే అంకెలు సాగుతాయి.

ఇంట్లో ఒక మనిషి మీ కాపలా. అమ్మకు ఆ పని ఇవ్వకండి, టెన్షన్‌తో రెండో రోజే కోస్ట్ గార్డ్‌కు ఫోన్ చేస్తుంది. నిదానంగా ఉండే స్నేహితుడు మేలు. బయల్దేరేటప్పుడు ఎక్కడ దిగుతానో ఒక మెసేజ్, దిగాక ఒకటి. ఒంటిగంటకు కబురు లేకపోతే రెండు సిమ్‌లకూ ఫోన్, ఆ ఊరి మెరైన్ పోలీసులకు ఫోన్, మూడు దాటితే 1554. ఈ గంటలు మీరిద్దరూ ముందే ఒప్పుకోవాలి.

పల్లెలో ఒడ్డెక్కగానే సామాను దించే ముందు కులపెద్దను కలవండి. ఎవరి పిల్లాడివి, ఏ ఊరు, పెళ్లయిందా అని అడుగుతారు, ఓపిగ్గా చెప్పండి. గుడి అరుగో, తుఫాను షెల్టరో చూపిస్తారు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు మజిలీ ఊళ్లలో పరిచయస్తుల ద్వారా ముందే ఒక ఇల్లు మాట్లాడుకోవడం మంచిది. తెల్లారి వాళ్లు వలలు ఎటు వేశారో అడిగి తెలుసుకోండి, వల తేలుళ్ల మీదుగా పోవద్దు. ఈ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. ఇసుక మీద పడుకుంటే మంట, తెల్ల లైటు వద్దు.

చివరి వారం

సామానంతా నేల మీద పరిచి ఫొటో తీసుకోండి, నింపిన కయాక్‌ను ఒకసారి తూకం వేయండి. టెటనస్ ఇంజెక్షన్, పంటి డాక్టర్ పని పూర్తి చేయండి. తిరుగు ప్రయాణం ఇప్పుడే మాట్లాడుకోండి, ఎందుకంటే డొంకూరులో దిగాక ఇచ్ఛాపురం స్టేషన్‌లో మీకు రైలు దొరుకుతుంది గానీ కయాక్‌కు దొరకదు. ఉత్తరాంధ్ర నుంచి ఖాళీగా తిరిగొచ్చే లారీనో, బొలెరోనో మాట్లాడేటప్పుడు పొడవు ముందే చెప్పండి. పదిహేడు అడుగులంటే ఎవరూ నమ్మరు. పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీసిన ఫొటో పంపండి.